దామెర్ల రామారావు: మిత్రులు నిలిపిన చిత్రశాల

కామారెడ్డిలో గానీ, ఎల్లారెడ్డిలో గానీ బడికి వెళ్లిన వారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు పంతులుగారి వెంట హైదరాబాదు విహారయాత్రకు వెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియం చూచే ఉంటారు. గడియారంలోని చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టే దృశ్యం కోసం నేల మీద కూర్చుని ఎదురు చూచే ఉంటారు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు నిలబడి, రాయి ఇంత పలుచని బట్టలా ఎలా మారిందని ఆశ్చర్యపడే ఉంటారు. ఆ సంపదలో అధిక భాగం మూడవ సాలార్‌జంగ్ అయిన మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు సేకరించినది. ఆయన 1949లో మరణించగా, 1951లో ఆ సేకరణను ప్రజల కోసం తెరిచారు. అది చూచి ఇంటికి వచ్చిన వారికి సహజంగా ఒక ఆలోచన కలుగుతుంది. ఒక ఊరికి చిత్రశాల కావాలంటే నవాబులు పుట్టాలి, జాగీర్లు ఉండాలి, మనవంటి చిన్న ఊళ్లకు అటువంటివి ఎందుకులే అని.

ఆ ఆలోచన సరికాదని చెప్పడానికే ఈ వారం ఒకరి జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఆయన నవాబు కారు, జమీందారు కారు. ఇరవై ఎనిమిదో ఏడు నిండటానికి ఇంకా నెల రోజులుండగానే కన్ను మూశారు. అయినా ఆయన పుట్టిన ఊరిలో ఆయన చిత్రాలు వంద సంవత్సరాలుగా ఆ ఊరి సొత్తుగా నిలిచి ఉన్నాయి. అందుకు కారణం ధనం కాదు, స్నేహం. ఆయన పేరు దామెర్ల రామారావు. ఊరు గోదావరి ఒడ్డున ఉన్న రాజమహేంద్రవరం. ఈ కథ చెప్పడానికి నాకు సొంతంగా ఒక కారణం కూడా ఉంది. దానిని చివరలో మనవి చేస్తాను.

రామారావు గారు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. ఆనాటి రాజమహేంద్రవరం మామూలు పట్టణం కాదు. కందుకూరి వీరేశలింగం గారు వితంతు వివాహాలు జరిపించి సంఘాన్ని కదిలించిన ఊరు అది. 1900లో గోదావరి మీద రైలు వంతెన తెరిచే నాటికి రామారావు మూడేళ్ల పసివాడు. పడవలు, రేవులు, నీళ్లు మోసే స్త్రీలు, కార్తీకమాసంలో నదిలో దీపాలు వదిలే ఆడపడుచులు, ఇవన్నీ ఆ బాలుని కళ్ల ముందు ప్రతిదినం కనిపించేవి. తరువాత ఆయన కుంచెలో నుండి వెలువడినవి కూడా ఇవే. చిన్ననాటి నుండి బొమ్మలు వేయడమంటే ఆయనకు ప్రాణం. అయితే ఆ రోజుల్లో బొమ్మలు వేసుకుని బ్రతుకుతానంటే ఏ ఇంటిలోనైనా పెద్దలు దిగులుపడేవారు. చదువుకుని ప్లీడరో, గుమాస్తానో కావాలి గానీ రంగులు కలుపుకుంటే కూడు దొరుకుతుందా అన్నది వారి సందేహం. ఆ సందేహం నేటికీ మన ఇళ్లలో పోలేదు గదా!

అటువంటి సమయంలో ఆ ఊరి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు వచ్చి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అది దొరల కాలం. దొర ఎదురైతే దారి ఇచ్చి తప్పుకునే కాలం. కానీ కూల్డ్రే గారి పద్ధతి వేరు. ఆయన స్వయంగా చిత్రకారుడు, కవి. తరగతి ముగిసిన తరువాత కూడా విద్యార్థులను వదిలేవారు కారు. ఎవరిలో ఏ విద్య దాగి ఉన్నదో వెతికి చూచేవారు. ఆయన ప్రోత్సాహంతో ఎదిగిన వారిలో అడివి బాపిరాజు గారు, కవికొండల వెంకటరావు గారు ముఖ్యులు. ఒకరు నవలాకారుడు, చిత్రకారుడు, మరొకరు కవి. అదే కూటమిలో అందరికంటే చిన్నవాడు రామారావు.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. పాలించేవాడికీ పాలింపబడేవాడికీ మధ్య స్నేహం అంత తేలిక కాదు. ఒకరి చేతిలో అధికారం, మరొకరి చేతిలో విన్నపం ఉంటాయి. అటువంటి చోట స్నేహం పుట్టాలంటే అధికారం ఉన్నవాడే మొదట మెట్టు దిగి రావాలి. కూల్డ్రే గారు ఆ మెట్టు దిగారు. పిల్లవాని బొమ్మలలోని చేవను ఆయన కనిపెట్టారు. ఇంగ్లండు చిత్రాలను చూచి నకలు తీయమని చెప్పలేదు. ఈ దేశపు చిత్రకళ ఎంత గొప్పదో ముందు నీ కళ్లతో చూడమని, శిష్యులను అజంతా, ఎల్లోరా గుహలకు తీసుకుపోయారు. ఆ గుహలు మనకు దూరమైనవి కావు. మన కామారెడ్డి స్టేషను మీదుగా మన్మాడు వైపు పోయే రైలుమార్గంలో ఉన్న ఔరంగాబాదు నుండే యాత్రికులు వాటిని చూడబోతారు. ఆ రోజుల్లో అది నిజాం రాజ్యం. గోదావరి జిల్లా కుర్రవాడు నిజాం రాజ్యపు గుహలలో, ఒక ఇంగ్లీషు గురువు పక్కన నిలబడి, తన తాతముత్తాతల రేఖను చూచి నేర్చుకున్నాడు.

తరువాత కూల్డ్రే గారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. పూనుకుని రామారావును 1916లో బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చేర్పించారు. అప్పటికి దానికి సెసిల్ బర్న్స్ గారు ప్రిన్సిపాల్. రాజమహేంద్రవరం నుండి బొంబాయి వెళ్లి, అక్కడ ఏండ్ల తరబడి ఉండి చదవడం సామాన్య కుటుంబానికి తేలికైన పని కాదు. ఆ బడిలో పాశ్చాత్య పద్ధతిలో మనిషి శరీరాన్ని, వెలుగునీడలను కొలిచి గీయడం నేర్పేవారు. రామారావు గారు ఆ విద్యనంతా శ్రద్ధగా నేర్చి 1920 నాటికి మొదటి స్థానంలో ఉత్తీర్ణులై తిరిగి వచ్చారు. కానీ వచ్చేసరికి గురువు ఊరిలో లేరు. 1919లోనే కూల్డ్రే గారు ఉద్యోగం చాలించి స్వదేశం వెళ్లిపోయారు. చెట్టు నాటిన చేతికి పండు అందలేదు.

మరొకరైతే బొంబాయిలోనే ఉండిపోయి, ధనవంతుల ముఖచిత్రాలు వేస్తూ సుఖంగా బ్రతికేవారు. రామారావు గారు తన ఊరికే తిరిగి వచ్చారు. ఆ కాలంలో మన దేశంలో చిత్రకళ రెండు దారులలో నడుస్తూ ఉండేది. ఒకటి, రాజా రవివర్మ గారి వలె పాశ్చాత్య తైలవర్ణ పద్ధతిలో దేవతలను, పురాణ స్త్రీలను చిత్రించడం. రెండవది, బెంగాలులో అవనీంద్రనాథ ఠాగూరు గారు మొదలుపెట్టిన పద్ధతి. అందులో రంగులు మంచు కమ్మినట్లు మసకగా ఉంటాయి, పాత్రలు కలలో కనిపించినట్లు ఉంటాయి. రామారావు గారు రెండింటినీ చూచారు, రెండింటికీ దాసులు కాలేదు. బొంబాయిలో నేర్చిన కొలత, అజంతాలో చూచిన రేఖ, గోదావరి ఒడ్డు వెలుగు, ఈ మూడింటినీ కలుపుకున్నారు. ఆయన చిత్రాలలో రేఖ తెలిసినట్లుగా సాగుతుంది, రంగు తేటగా ఉంటుంది. పూలతో తలను అలంకరించుకునే స్త్రీలను పుష్పాలంకరణలోను, దీపాలు వదిలే స్త్రీలను కార్తీక పౌర్ణమిలోను చిత్రించారు. నందిపూజ, సిద్ధార్థ రాగోదయం, కృష్ణలీల కూడా ఆయన పేరు నిలబెట్టిన చిత్రాలే. ఆ స్త్రీలు స్వర్గం నుండి దిగి వచ్చినట్లు ఉండరు, మన పక్క వీధివారివలె ఉంటారు.

1922లో కలకత్తాలో జరిగిన చిత్రప్రదర్శనకు ఆయన ఋష్యశృంగ బంధనం అనే చిత్రాన్ని పంపారు. అడవిలో తండ్రి దగ్గర పెరిగి, స్త్రీ అంటే ఎవరో ఎరుగని ముని బాలుడు ఋష్యశృంగుడు. అంగరాజ్యంలో కరువు వచ్చినప్పుడు అతని పాదం మోపితే వాన కురుస్తుందని, వేశ్యలను పంపి అతనిని ఆకర్షించి తీసుకువస్తారు. ఆ అమాయకుడు వలలో చిక్కే ఘట్టం ఆ చిత్రం. దానికి వైస్రాయి బహుమతి లభించింది. పాతికేళ్ల తెలుగువాని పేరు దేశమంతా వినిపించింది. 1924లో లండను దగ్గర వెంబ్లీలో జరిగిన గొప్ప ప్రదర్శనకు కూడా ఆయన చిత్రాలు వెళ్లాయి.

పేరు వచ్చిన తరువాత మనిషి ఏమి చేస్తాడన్నది అతని గుణానికి పరీక్ష. రామారావు గారు వచ్చిన పేరుతో తన చుట్టూ మరికొందరిని చేర్చుకున్నారు. రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను ప్రారంభించి, 1923 నాటికి ఆంధ్ర భారతీయ చిత్రకళా సమితిని కూడా ఏర్పాటు చేశారు. సరిగా ఆ సంవత్సరమే మన మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట పని మొదలైంది. ఇక్కడ నీటికి కట్ట కడుతుంటే, అక్కడ ఒక యువకుడు చెదిరిపోయే విద్యకు కట్ట కడుతున్నాడు. ఆయన ఇంటిలో కూడా అదే వాతావరణం. భార్య సత్యవాణి గారు, తోబుట్టువు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారు ఇద్దరూ చిత్రకారిణులయ్యారు. స్త్రీలు గడప దాటడమే తప్పుగా ఎంచిన రోజుల్లో వారి చేతికి కుంచె అందింది. వరదా వెంకటరత్నం గారు ఆయనకు ఆప్తమిత్రుడై, పనిలో కుడిభుజమై నిలిచారు. చామకూర భాష్యకార్లరావు గారి వంటి యువకులు ఆ బడిలో చేరారు. కూల్డ్రే గారు తనకు చేసిన ఉపకారాన్ని రామారావు గారు మరొకరికి చేయడం మొదలుపెట్టారు.

కానీ ఆ పనికి ఆయనకు దొరికిన కాలం రెండు మూడేళ్లే. 1925లో ఆయనకు మశూచి సోకింది. మీలో వయసు మళ్లిన వారికి ఆ పేరు వింటేనే గుండె దడ పుడుతుంది. ఇంటికి వేపమండలు కట్టి, లోపలివారు బయటకు రాకుండా, బయటివారు లోపలికి పోకుండా కాలం గడిపిన రోజులు వారికి జ్ఞాపకం ఉంటాయి. 1980లో ప్రపంచమంతటా ఆ రోగం నిర్మూలమైందని ప్రకటించారు. నేటి పిల్లలకు దాని ముఖం తెలియదు. 1925 ఫిబ్రవరి 6వ తేదీన ఆ రోగం దామెర్ల రామారావు గారిని తీసుకుపోయింది. తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, కాగితాల మీద గీసుకున్న వందలాది రేఖాచిత్రాలు, గీతల పుస్తకాలు మాత్రం ఇంట్లో మిగిలాయి. వాటి మధ్య చిన్న వయసులో వితంతువైన ఇల్లాలు మిగిలింది.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ ఇంటివారి స్థానంలో మనం ఉంటే ఏమి చేసేవారము? బహుమతులు పొందిన చిత్రాలకు వెల ఉంది. వైస్రాయి మెచ్చిన చిత్రకారుని పని అంటే కొనేవారు ఉంటారు. ఒకటి మద్రాసుకు, ఒకటి బొంబాయికి, ఒకటి ఏదో జమీందారు హాలులోకి పోయి ఉండేవి. అమ్ముకున్నవారిని తప్పు పట్టే హక్కు కూడా ఎవరికీ లేదు. పదేళ్లు గడిస్తే చిత్రాలు ఎక్కడున్నాయో తెలిసేది కాదు. మిగిలిన కాగితాలు చెదలకు ఆహారమయ్యేవి. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండని మనిషి పేరు, ఆయనను ఎరిగినవారు పోవడంతో పోయేది.

అలా జరగలేదు. సత్యవాణి గారు, కుటుంబంవారు, మిత్రులు ఆ చిత్రాలను చెదరనీయలేదు. వరదా వెంకటరత్నం గారు చిత్రకళాశాల భారాన్ని తన భుజాన వేసుకున్నారు. ఆయన స్వయంగా మంచి చిత్రకారుడు. తన పేరు, తన చిత్రాలు చూచుకుని ఉంటే ఎవరూ కాదనేవారు కారు. కానీ చనిపోయిన మిత్రుని పేరు ఆరిపోకుండా చూడటమే తన పనిగా పెట్టుకుని, ఏళ్ల తరబడి ఆ బడిని నడిపారు. ఆ శ్రమ ఫలితంగా రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు దగ్గర దామెర్ల రామారావు స్మారక చిత్రశాల వెలసింది. తరువాత అది ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చి, చిత్రశాలగాను, చిత్రలేఖనం నేర్పే బడిగాను కొనసాగింది.

స్నేహం ఒక చిత్రశాల రూపాన్ని ఎలా నిర్ణయిస్తుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. వర్తకుడు సేకరిస్తే వెల పలికేవే సేకరిస్తాడు. నవాబు సేకరిస్తే అరుదైనవి, అతిథులు చూచి అబ్బురపడేవి సేకరిస్తాడు. మిత్రుడు సేకరిస్తే అన్నీ దాచిపెడతాడు. అందుకే ఈ చిత్రశాలలో పూర్తి అయిన చిత్రాలతోపాటు, ఆయన చేతి అభ్యాసాలు, ఒక చేతిని, ఒక మెడ వంపును మళ్లీ మళ్లీ గీసుకున్న కాగితాలు కూడా భద్రపడ్డాయి. బజారులో వాటికి వెల లేదు. కానీ నేర్చుకునే విద్యార్థికి వాటిని మించిన పాఠం లేదు. గొప్పవాడు కూడా తప్పులు గీసి, చెరిపి, మళ్లీ గీశాడని తెలిస్తే పిల్లవానికి ధైర్యం కలుగుతుంది. అంతేకాదు, మిత్రులు ఒక్కనినే గోడకు ఎక్కించలేదు. వెంకటరత్నం గారు, సత్యవాణి గారు, బుచ్చికృష్ణమ్మ గారు, భాష్యకార్లరావు గారు, ఇలా ఆయన చుట్టూ ఉన్నవారి చిత్రాలకు కూడా అక్కడ చోటు దొరికింది. కనుక అది ఒక వ్యక్తి స్మారకంగా మొదలై, ఒక కూటమి చరిత్రగా నిలిచింది.

మరొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. స్నేహం కాపాడుతుంది, కానీ కొన్నిసార్లు గిరి గీస్తుంది. చిత్రాలన్నీ ఒకే ఊరిలో ఉండిపోవడం వల్ల దామెర్ల వారి పేరు రవివర్మ గారి పేరంత దూరం వ్యాపించలేదు. చూడాలంటే రాజమహేంద్రవరం వెళ్లాలి. పైగా మిత్రులు సేకరించిన చోట మిత్రులు కానివారికి చోటు దొరకడం కష్టం. అదే కాలంలో అదే ప్రాంతంలో బొమ్మలు వేసి, ఏ కూటమిలోనూ లేనందువల్ల పేరే లేకుండా పోయినవారు ఎందరో ఉండి ఉంటారు. మిత్రుల తరం గడిచిన తరువాత ఇంకొక చిక్కు వస్తుంది. కాగితం మీద నీటిరంగులు సున్నితమైనవి. ఎండ తగిలితే వెలిసిపోతాయి, తేమ తగిలితే బూజు పడుతుంది, పురుగు తొలుస్తుంది. మిత్రుడు ప్రేమతో దాచినదానిని ఉద్యోగి విధిగా కాపాడాలి, ప్రజలు తమదిగా అడగాలి. ప్రేమ ఒక్కటే చాలదు. దాని వెనుక ఒక ఏర్పాటు, బడ్జెట్, తాళం, మంచి పైకప్పు ఉండాలి.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ స్నేహాన్ని మూడు విధాలుగా విడదీసి చెప్పిన పాఠం చదువుకున్నాము. లాభం కోసం చేసే స్నేహం ఒకటి, సరదా కోసం చేసే స్నేహం ఒకటి, ఎదుటివాని మంచిని కోరి చేసే స్నేహం ఒకటి. మొదటి రెండూ కారణం తీరగానే తీరిపోతాయి, మూడవది నిలుస్తుంది. ఆ పాఠాన్ని పరీక్ష కోసం కంఠస్థం చేశానే గానీ, దాని అర్థం నాకు దామెర్ల వారి జీవితం చదివినప్పుడే తెలిసింది. కూల్డ్రే గారికి ఆ కుర్రవాని వల్ల ఏ లాభమూ లేదు. వెంకటరత్నం గారికి చనిపోయిన మిత్రుని వల్ల ఏ సరదా కూడా మిగలలేదు. అయినా వారి స్నేహం తీరిపోలేదు. చనిపోయినవాడు మనకు తిరిగి ఏమీ ఇవ్వలేడు గనుక, అతనికి చేసే మేలులో లెక్క ఉండదు.

ఇది మన దేశంలోనే జరిగిన వింత కాదు. హాలండు దేశపు చిత్రకారుడు విన్సెంట్ వాన్ గోహ్ 1890లో మరణించాడు. ఆరు నెలల తరువాత అతనిని పోషించిన తమ్ముడు థియో కూడా మరణించాడు. చంటిబిడ్డతో మిగిలిన థియో భార్య యోహానా, ఎవరూ కోరని ఆ చిత్రాలను పారవేయక, దాచి, ప్రదర్శనలు పెట్టి, ఉత్తరాలు అచ్చు వేయించి లోకానికి చూపించింది. నేడు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో 1973లో తెరిచిన చిత్రశాలకు ఆమె దాచినవే ఆధారం. ఆమె కూడా రామారావు గారు చనిపోయిన 1925లోనే మరణించింది. ఒకరినొకరు ఎరుగని రెండు ఇళ్లలో ఒకే రకమైన పని జరిగింది.

తెలంగాణకు కూడా ఆ రాజమహేంద్రవరపు కూటమి నుండి ఒక వెలుగు వచ్చింది. అడివి బాపిరాజు గారు 1944 నుండి 1947 వరకు హైదరాబాదులో ఉండి మీజాన్ అనే తెలుగు దినపత్రికకు సంపాదకత్వం వహించారు. కూల్డ్రే గారు పెంచిన విద్యార్థి, నిజాం కాలపు హైదరాబాదులో తెలుగు పాఠకులకు పత్రిక అందించారు. స్నేహమనే విత్తనం ఎక్కడ మొలకెత్తుతుందో విత్తినవానికి కూడా తెలియదు.

ఇక మొదట్లో అన్న నా సొంత కారణం. చాలా ఏళ్ల క్రితం కామారెడ్డి, ఎల్లారెడ్డిల మధ్య ఒక ఊరిలో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. మన సంఘస్థుడు కారు. అయినా ప్రతి క్రిస్మస్‌కు మన గుడిలో పశువులపాక వెనుక తెర మీద కొండలు, నక్షత్రాలు, గొర్రెల మందలు ఆయనే వేసేవారు. రంగుల డబ్బులు తప్ప కూలి తీసుకునేవారు కారు. దోమకొండ కోట బురుజులు, పోచారం చెరువు, నిజాంసాగర్ తూములు, సంతలో కూర్చున్న ముసలమ్మలు, ఇవన్నీ నోటుపుస్తకాలలో గీసి పెట్టుకున్నారు. ఒకనాడు వాటిని సంచిలో తెచ్చి నాకు చూపించి, ఫాదర్, వీటిని ఎక్కడైనా భద్రంగా ఉంచగలరా అని అడిగారు. నేను ఆ సమయంలో గుడి ప్రహరీగోడ పనిలో తలమునకలై ఉన్నాను. పండుగ కానీయండి మాస్టారూ, తరువాత చూద్దాం అన్నాను. పండుగ అయింది, తపస్సుకాలం వచ్చింది, నాకు బదిలీ కూడా వచ్చింది. కొన్నేళ్లకు ఆయన చనిపోయారని తెలిసి ఆ ఇంటికి వెళ్లాను. ఇల్లు బాగుచేసేటప్పుడు పాత పుస్తకాలన్నీ కిలోల లెక్కన పాతసామాన్లవానికి వేశామని ఇంటివారు చెప్పారు. వారిని నేను తప్పు పట్టలేదు. వాటి విలువ వారికి ఎవరు చెప్పారు? చెప్పవలసినవాడిని నేనే. ఆయన నన్ను మిత్రుడనుకుని అడిగారు.

ఆ తెర ఒక్కటి ఆ గుడి గదిలో చాలాకాలం మడిచి ఉండేది. మడతల దగ్గర రంగు రాలిపోయి, నక్షత్రాలు సగమే మిగిలాయి. రామారావు గారికి వెంకటరత్నం గారు ఉన్నట్లు, ఆ మాస్టారికి నేను ఉండలేకపోయాను. ఆయన దామెర్ల వారంత గొప్ప చిత్రకారుడా అంటే కాకపోవచ్చు. కానీ మన ప్రాంతపు సంతను, చెరువును, కోటను ఆ కాలంలో ఆ కంటితో చూచి గీసినవారు మరొకరు నాకు తెలియదు. అవి ఉంటే మన జిల్లా పిల్లలకు తమ తాతల ఊరు ఎలా ఉండేదో చూపించగలిగేవారము.

అందుచేత మిమ్ములను వేడుకుంటున్నాను. మీ ఊరిలో, మీ వాడలో ఇటువంటివారు ఉండే ఉంటారు. బతుకమ్మను అందరికంటే అందంగా పేర్చే అక్క, గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు, చెక్కతో బొమ్మలు చెక్కే వడ్ల పెద్దమనిషి, పాత ఫోటోలు పెట్టెలో దాచిన ఫోటోగ్రాఫరు. వారి దగ్గరకు వెళ్లండి, కూర్చోండి, చూపించమని అడగండి. వారి పేరు, ఊరు, సంవత్సరం ఒక కాగితం మీద రాసి పెట్టండి. బడిలోనో, గ్రంథాలయంలోనో, గుడిలోనో తడి తగలని ఒక బీరువా ఖాళీ చేయండి. రాజమహేంద్రవరంలో కూడా మొదట ఉన్నది అంతే. ఒక ఇల్లు, కొన్ని కాగితాలు, వాటిని వదులుకోని నలుగురు మనుషులు.

వీలైనప్పుడు రాజమహేంద్రవరం వెళ్లండి. పుష్కరాల రేవు చూచి తిరిగి రాకుండా, గోదావరి గట్టు దగ్గరి ఆ చిత్రశాలలోకి కూడా అడుగు పెట్టండి. పూలు పెట్టుకుంటున్న ఆ స్త్రీలను చూడండి. వారిని గీసినవాని పేరుతోపాటు, వారిని మీ కోసం దాచిపెట్టిన మిత్రుల పేర్లు కూడా తలచుకోండి. ఇంటికి వచ్చిన తరువాత, మీరు ఎవరికి పండుగ తరువాత చూద్దామని చెప్పారో జ్ఞాపకం చేసుకుని, ఈ వారమే వారి గడప తొక్కండి.